బిర్యానీ సరే, మా పులుసు సంగతేంటి?

"ఏమండీ, ఈసారి రంజాన్‌కి మాకు బిర్యానీ ఎప్పుడు?"

మంచివాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఇది. నవ్వుతూ అడుగుతారు.

"మీరు ఏ మాంసం తింటారు?"

ఇల్లు అద్దెకిచ్చే ముందు అడిగే ప్రశ్న ఇది. నవ్వకుండా అడుగుతారు.

ఏళ్ళ తరబడి ఈ రెండు ప్రశ్నల మధ్యే బతుకుతున్నాను. మొదటి ప్రశ్న వేసినవాళ్ళు నావాళ్ళనీ, రెండో ప్రశ్న వేసినవాళ్ళు పరాయివాళ్ళనీ చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఆ రెండు ప్రశ్నలూ ఒక్క కుండలోంచే వస్తున్నాయి. ముస్లిం అంటే మాంసం. ముస్లిం ఇల్లంటే మసాలా వాసన. ఆ వాసనకి ఒకరికి నోరూరుతుంది, ఒకరికి కడుపులో తిప్పుతుంది. అంతే తేడా. పండగనాడు నా గుమ్మం దాకా వచ్చినవాళ్ళు కూడా మర్నాడు నా పొయ్యి మీద ఏముందో అడగరు.

మా ఇంట్లో ఏడాది పొడుగునా బిర్యానీ వండిన రోజులు లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలు. మిగతా మూడొందల యాభై రోజులు మేం ఏం తిన్నాం? దేంతో ఏది కలిపి తిన్నాం? ఎవరి దగ్గర నేర్చుకుని వండుకున్నాం? ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నాది సాలూరు. వేగావతి ఒడ్డున, తూర్పు కనుమల కాళ్ళ దగ్గర ఉన్న ఊరు. 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, తర్వాత విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా పేర్లు మారాయి గానీ మా ఊరు లారీల ఊరుగానే ఉండిపోయింది. విజయనగరం నుంచి రాయపూర్ పోయే జాతీయ రహదారి, పాత లెక్కలో 43, ఇప్పటి లెక్కలో 26, మా ఊరి మీదుగానే ఘాటు ఎక్కుతుంది. మా అబ్బా ఆ రోడ్డు మీద లారీ తోలాడు.

2011 జనాభా లెక్కలు చూడండి. విజయనగరం జిల్లాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. పాతబస్తీ ముస్లింకీ, కర్నూలు ముస్లింకీ, గుంటూరు ముస్లింకీ తెలియని ఒంటరితనం అది. అంత కొద్దిమంది తమకంటూ వేరే వంట ప్రపంచం కట్టుకోలేరు. పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకుని పొయ్యి రాజేసినట్టే రుచిని కూడా పక్కింటి నుంచే తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాం. ఇచ్చాం కూడా. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే నేను మా అస్తిత్వం అంటున్నాను.

వానలు పడగానే కొండ మీంచి ఆడవాళ్ళు బుట్టలతో దిగేవాళ్ళు. జాతాపులు, కొండదొరలు, గదబలు. బుట్టల్లో వెదురు కొమ్ములు, పనసకాయలు, అల్లం, పచ్చి పసుపు. మా అమ్మీ వాళ్ళ దగ్గర సరుకుతో పాటు విద్య కూడా కొనేది. వెదురు కొమ్మును సన్నగా తరిగి ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయాలనీ, మళ్ళీ ఉడకబెట్టి మళ్ళీ పారబోయాలనీ, లేకపోతే చేదు మాట అటుంచి మనిషికే ప్రమాదమనీ చెప్పింది ఆ కొండ ఆడవాళ్ళే. అలా చేదు వదిలిన కొమ్ముకి సొంత రుచంటూ పెద్దగా మిగలదు. పక్కన ఏదుంటే దాన్ని పీల్చుకుంటుంది. అమ్మీ దాని పక్కన పావుకిలో ఖీమా పెట్టింది. ఆ పావుకిలోతో ఏడుగురం అన్నం తిన్నాం.

అదే సంతకి సముద్రం వైపు నుంచి ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు వచ్చేవి. వేసవి మొదట్లో చింతచిగురు వచ్చేది. నెత్తళ్ళను వట్టి మూకుడులో వేయించి, తలలు గిల్లి, వేడినీళ్ళలో కడిగి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ మగ్గాక చింతచిగురు నలిపి వేసేది అమ్మీ. ఎండుచేప ఉప్పునీ నీచునీ చిగురు పులుపు పట్టి ఆపుతుంది. చిగురు వగరును చేప ఉప్పు లాగేస్తుంది. రెండూ విడివిడిగా తినలేనివి. కలిస్తే కంచం ఖాళీ. కొండ చిగురూ సముద్రపు చేపా కలుసుకోవడానికి మా సాలూరు సంత కావాలి, ఆ పైన మా అమ్మీ మూకుడు కావాలి.

ఎదురుగా షావుకారు గారిల్లు. ఆ ఇంటి పిన్ని మాంసం ముట్టదు. కానీ ఆవ పెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో మా అమ్మీకి చెప్పింది ఆవిడే. "దించీసేక కలపాలే బీబమ్మా. పొయ్యి మీదుండగా కలిపితే ఘాటు చచ్చిపోతాది." నిజమే. ఆవాలు నీళ్ళతో నూరితేనే ఘాటు పుడుతుంది, మరిగితే ఎగిరిపోతుంది. ఆ మాట పట్టుకుని అమ్మీ ఏం చేసిందో తెలుసా? బక్రీద్ మాంసం పంచగా మిగిలిన ఎముకల్ని పనస ముక్కలతో ఉడికించి, దించి, వేడి తగ్గాక ఆవ పెట్టింది. పిన్ని ఆ కూర ఎన్నడూ తినలేదు. కానీ అందులో సగం ఆవిడదే. మరి ఆ కూర హిందువా, ముస్లిమా?

దాల్చా సంగతీ అంతే. హైదరాబాద్ దాల్చాకీ మా దాల్చాకీ పేరు ఒకటే. పప్పు, సొరకాయ, ఎముకలు, చింతపండు. పప్పూ సొరకాయా మెత్తబడ్డాకే చింతపండు రసం పోయాలి. ముందే పోస్తే పులుపు పప్పును బిగబట్టేస్తుంది, ఎంత కట్టె తగలేసినా ఉడకదు. ఇంతవరకూ అందరిదీ ఒకటే. ఆ తర్వాత మా అమ్మీ ఇంత బెల్లం ముక్క వేసేది. ఉత్తరాంధ్ర పులుసులో బెల్లం పడాల్సిందే. మా దాల్చా కూడా ఉత్తరాంధ్రదే కదా!

రంజాన్ నెలలో సహరీకి మా ఇంట్లో పరాఠాలూ ఖీమా ఉండేవి కావు. చోడి అంబలి ఉండేది. చోళ్ళు కడుపులో నిలుస్తాయనీ, మజ్జిగ కలిపితే దాహం ఆపుతాయనీ అమ్మీ నమ్మకం. ఎండలో పనిచేసే కూలీ మధ్యాహ్నం దాకా అంబలి మీద నిలబడగలిగినప్పుడు, రోజా ఉన్న మనిషి సాయంత్రం దాకా నిలబడలేడా? కూలివాడి తిండి మా ఉపవాసానికి ఆసరా అయింది. ఇఫ్తార్ విందుల ఫొటోల్లో ఈ అంబలి మీకెక్కడా కనపడదు.

అబ్బా సుంకి ఘాటు ఎక్కి లారీ పక్కన ఆపుకున్నప్పుడు కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వండేది క్లీనరు. అతను ముస్లిం కాదు. డ్రైవరు తిన్న గిన్నెలోనే క్లీనరు తిన్నాడు, క్లీనరు కలిపిన ముద్దే డ్రైవరు తిన్నాడు. దాన్ని ఎవరూ మతసామరస్యం అనలేదు. ఆకలి అన్నారు.

ఇప్పుడు టీవీ పెడితే ఒక వంటాయన తెల్ల కోటు వేసుకుని, వెదురు కొమ్ములో మాంసం పెట్టి, "ఇదొక కొత్త ప్రయోగం" అంటాడు. ఫ్యూజన్ అంటాడు. పట్నం హోటలు వాళ్ళు దానికో పేరు పెట్టి వందల రూపాయలకి అమ్ముతారు. మా అమ్మీ వండినప్పుడు దానికి పేరు లేదు. "కూరేటి?" అంటే "ఉన్నదేదో కలిపీసినాను" అనేది. ఉన్నదేదో కలిపేయడం! రుచులు జతచేయడం మీద ఎన్ని పుస్తకాలు రాసినా అంతకు మించి చెప్పేదేముంది?

కానీ ఒక మాట దాచిపెడితే నేను అబద్ధం చెప్పినట్టే. ఈ సృజన అంతా లేమిలోంచి పుట్టింది. కిలో మాంసం కొనగలిగితే అమ్మీ పనస ముక్కలెందుకు వేస్తుంది? పావుకిలోను ఏడు కంచాల్లోకి సాగదీయడానికే పప్పు, సొరకాయ, కొమ్ము, చిగురు. ఆ సాగదీతలో చివరి కంచం ఎప్పుడూ అమ్మీదే. ఆమె కూర్చునేసరికి గిన్నెలో పులుసు మిగిలేది గానీ ముక్క మిగిలేది కాదు. మా ఇంటి మగవాళ్ళు గానీ, ఎదురింటి మగవాళ్ళు గానీ ఆ సంగతి గమనించినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం హిందూ ముస్లిం సామరస్యం నూటికి నూరుపాళ్ళూ ఉంది. కాబట్టి మా అమ్మీ వంటను పొగడండి, కానీ ఆమె ఆకలిని మింగేసి పొగడకండి.

ఇక అసలు తగాదాకి వస్తాను.

ఇవాళ దేశంలో వంటింటిని శుద్ధి చేసే పని నడుస్తోంది. 2015 సెప్టెంబరులో దాద్రి దగ్గర బిసాడా గ్రామంలో అఖ్లాక్‌ను ఇంట్లోంచి ఈడ్చి చంపారు. ఇంట్లో గోమాంసం ఉందన్న పుకారు చాలింది. మనిషి చచ్చాక మాంసాన్ని పరీక్షకి పంపారు. 2022 ఉగాదికి కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం చేశారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ళ మీద యజమానుల పేర్లు రాయించబోయారు. సుప్రీంకోర్టు అడ్డుపడింది. టీ కొట్టువాడి పేరుతో టీ రుచి మారుతుందట!

సరే, ఏది శుద్ధమో చూద్దాం. శుద్ధమైనదాన్నే తీసుకుందాం. పులిహోర. నేనూ ఇష్టంగా తింటాను. అందులో ఎండుమిర్చి ఉంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇక్కడికి దిగింది. వేరుశనగ గుళ్ళున్నాయి. అవీ దక్షిణ అమెరికావే. జీడిపప్పు వేస్తారు. మా పలాస జీడిపప్పు లోకప్రసిద్ధం, కానీ జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. ఇంగువ లేకపోతే పులిహోరే కాదంటారు. ఆ ఇంగువ ఇరాన్ నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వస్తుంది. ఈ దేశంలో ఇంగువ మొక్క నాటే ప్రయత్నం మొదలైందే 2020 అక్టోబరులో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. అంటే తరతరాలుగా మడి కట్టుకుని వండిన పోపులో ముస్లిం దేశాల జిగురు పడుతూనే ఉంది. ఆఖరికి చింతపండు. చింతచెట్టు ఆఫ్రికా నుంచి ఏనాడో వచ్చి మనదైపోయింది. దానికి అరబ్బులు పెట్టిన పేరు తమర్ హింది. హిందూ దేశపు ఖర్జూరం అని అర్థం. చూశారా? ఎక్కడో పుట్టిన చెట్టును అరబ్బులు ఈ దేశపుదని పిలిచారు. ఈ దేశంలో పుట్టి, ఈ మట్టిలో కలిసిపోతున్న మమ్మల్ని మాత్రం మీరు ఆ దేశం వాళ్ళని పిలుస్తున్నారు!

పులిహోరను విడగొట్టి ఎవరి సరుకు వాళ్ళకి తిరిగి పంపించేస్తే గిన్నెలో ఏం మిగులుతుంది? అన్నం, పసుపు, కరివేపాకు. తినండి మరి.

"అది కాదండీ, మీరు మాంసాహారులు కదా" అంటారు. 2014 ఎస్.ఆర్.ఎస్. సర్వే అంకెలు ప్రభుత్వానివే. 15 ఏళ్ళు దాటినవాళ్ళలో మాంసం, చేప, గుడ్డు తినేవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 98 మందికి పైనే. ఆ తొంభై ఎనిమిది మందిలో మేం ఎంతమందిమి? మాంసం తినేది అందరూ. 'మాంసాహారులు' అన్న ముద్ర మాత్రం మాకు. గోదావరి జిల్లా చేపల పులుసు సంస్కృతి. రాయలసీమ నాటుకోడి సంస్కృతి. మా ఇంటి ఎముకల దాల్చా మాత్రం వాసన!

ఉత్తరాంధ్రకి మేం నిన్న మొన్న వచ్చినవాళ్ళం కూడా కాదు. గోల్కొండ పాలనలోనే శ్రీకాకుళం ఫౌజుదార్ల కేంద్రం. బొబ్బిలి పేరు ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని పులి మీద పెట్టిన పెద్దపులి అన్న మాటలోంచి వచ్చిందని బొబ్బిలి చరిత్ర చెప్పేవాళ్ళే చెబుతారు. విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ బాబా దర్గాలో అన్నం పెట్టేటప్పుడు ఎవరి కులమూ మతమూ అడగరు. ఇదంతా మా నవాబుల గొప్ప చెప్పడానికి కాదు. లారీ డ్రైవరు కూతురికి నవాబులతో ఏం పని? ఒక్క మాట కోసం చెబుతున్నాను. ఇన్ని వందల ఏళ్ళు ఒకే సంతలో కొన్నవాళ్ళ వంటలు వేరువేరుగా ఉండవు. ఉండాలని పట్టుబట్టేవాడికి వంట తెలియదు, చరిత్ర తెలియదు.

ఇంతవరకూ చదివి మావాళ్ళు సంతోషపడుతుంటారు. ఆగండి. మీతోనూ నాకు తగాదా ఉంది.

పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక నేను మొదటిసారి దాల్చా వండిన రోజు నాకింకా గుర్తే. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "యే క్యా హై? సాలన్‌మే గుడ్?" అన్నారు. కూరలో బెల్లమా అని. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఇంకో రోజు ఆవ పెట్టిన పనస మాంసం చేస్తే, "తెలుగోళ్ళ వంట నేర్చుకొచ్చావ్, మన వంట నేర్చుకో" అన్నారు. మన వంట! సాలూరులో నేను తురకదాన్ని. పాతబస్తీలో తెలుగుదాన్ని. నా ఉర్దూకి యాస, నా దాల్చాకి బెల్లం. రెండూ తప్పులే.

అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆవిడకి ఎవరో అలా నేర్పారు. అసలు ముస్లిం అంటే నవాబు, అసలు ముస్లిం వంట అంటే నవాబు వంట అని నేర్పారు. దూదేకులోళ్ళవీ, లారీ డ్రైవర్లవీ, కూలీలవీ వంటలు కావని నేర్పారు. కానీ నవాబుల హైదరాబాదే ఏం చేసిందో చూడండి. ఖట్టీ దాల్ పులుపు ఎవరిది? బగారా బైంగన్‌లో నువ్వులు, పల్లీలు, చింతపండు ఎవరివి? బిర్యానీ పక్కన గిన్నెలో కూర్చున్న మిర్చీ కా సాలన్‌లో ఉన్నది కాబూల్ రుచా, తెలంగాణ మట్టి రుచా? తెలుగు నేల పులుపు తగలకపోతే హైదరాబాద్ దస్తర్‌ఖాన్ సగం ఖాళీ. మీరు కలుపుకుంటే తహజీబ్, మేం కలుపుకుంటే తప్పా? హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషం. మా వెదురు కొమ్ముల ఖీమాకి గుర్తింపు పత్రం అక్కర్లేదు. మీ ఇళ్ళల్లో నవ్వకుండా తింటే చాలు.

ఇంకొందరు వచ్చారు ఈ మధ్య. వాళ్ళది రుచి తగాదా కాదు, దీన్ తగాదా. పక్కింటి ఉగాది పచ్చడి తినొద్దు, పీర్ల పండగ మలీదా ముట్టొద్దు, వాళ్ళ తీరున వండొద్దు అంటారు. నేను ఆలిమ్‌ను కాదు. కానీ చదువుకున్న ముక్క చెబుతాను. ఏది తినకూడదో ఇస్లాం చెప్పింది. తినగలిగినదాన్ని దేంతో కలిపి వండాలో మాత్రం మా చేతులకి వదిలేసింది. ప్రవక్త తాజా ఖర్జూరాన్ని కీరదోసతో కలిపి తినేవారని బుఖారీ హదీసుల్లో ఉంది. ఖర్జూరంతో పుచ్చకాయ కలిపి తిని, ఒకదాని వేడిని ఇంకొకదాని చలువతో విరుస్తున్నామన్నారని అబూదావూద్‌లో ఉంది. ఒక దర్జీ విందుకి పిలిచి సొరకాయా ఎండుమాంసమూ వేసిన షేర్వా పెడితే, ఆయన ఏరుకుని సొరకాయ ముక్కలు తిన్నారనీ ఉంది. సొరకాయా మాంసమూ! మా అమ్మీకి ఆ హదీసు తెలియదు. అయినా చెయ్యి తప్పలేదు.

మలబారు మాప్పిళ్ళ కొబ్బరితో వండుకుంటాడు. తమిళ ముస్లిం నోన్బు కంజితో రోజా విడుస్తాడు. బెంగాలీ ముస్లిం ఆవనూనెలో చేప వేయించుకుంటాడు. వాళ్ళ ఈమాన్‌కి ఏ లోటూ రాలేదు. సాలూరు బీబమ్మ బెల్లం ముక్కకి మాత్రం వస్తుందా? మమ్మల్ని శుద్ధి చేయడానికి ఆ పక్క ఒక దండు ఉంది. ఈ పక్క ఇంకో దండు తయారైతే మేం ఎక్కడ వండుకోవాలి?

ఇక లౌకికవాద మిత్రులు. మీతో మాట్లాడటమే కష్టం. ఎందుకంటే మీరు ప్రేమగా ఉంటారు. ఇఫ్తార్‌కి వస్తారు, టోపీ పెట్టుకుంటారు, హలీం తింటారు, గంగా జమునా తహజీబ్ మీద ఉపన్యాసం చెప్తారు. సామరస్యానికి బిర్యానీ ఉదాహరణ చెప్తారు. బిర్యానీ మీద మీ ప్రేమ నాకెందుకు? నా పక్క ఫ్లాటు ఖాళీ అయినప్పుడు ఇంకో ముస్లిం కుటుంబానికి ఇవ్వొద్దని అపార్ట్‌మెంటు మీటింగులో తీర్మానం చేస్తుంటే మీరు సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. వంట వాసన సమస్య అన్నారు వాళ్ళు. వాసనకి మతం ఉండదని మీరొక్క మాట అనలేదు. తినే నోరు తెరిచినంత తేలిగ్గా మాట్లాడే నోరు తెరవరెందుకు మిత్రమా? మా తిండిని ఇష్టపడటం వేరు, మమ్మల్ని పొరుగున ఉండనివ్వడం వేరు. మొదటిది చేసి రెండోది చేశామనుకుంటున్నారు మీరు.

చివరగా ఒక గిన్నె సంగతి చెప్పి ఊరుకుంటాను.

మా వీధిలో ఒక నియమం ఉండేది. ఇంట్లోకి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. రంజాన్ నాడు అమ్మీ షీర్ ఖుర్మా పంపేది. పాలు, సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు. మాంసం సోకని కొత్త గిన్నెలో విడిగా కాచి షావుకారు గారింటి పిన్నికి పంపేది. పిన్ని ఆ గిన్నె కడిగి దాచి, ఉగాదికి పచ్చడి పోసి పంపేది. వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి. తీపీ చేదూ పులుపూ వగరూ ఒక్క గుటకలో. ఇన్ని రుచులు ఒక గిన్నెలో తగాదా లేకుండా ఉంటాయని మాకు చూపించింది ఆవిడే. అమ్మీ దాన్ని మా అందరికీ తలా ఒక చెంచా పోసేది. ఆ ఒక్క గిన్నె ఎన్నేళ్ళు తిరిగిందో లెక్క లేదు. సొట్టలు పడింది గానీ ఆగలేదు.

పిన్ని పోయింది. అమ్మీ ఉంది. 2022 రంజాన్‌కి నేను సాలూరులో ఉన్నాను. అమ్మీ ఎప్పటిలాగే షీర్ ఖుర్మా కాచి, ఆ గిన్నెలోనే పోసి, నా చేతికిచ్చింది. పిన్ని కొడుకు తలుపు తీశాడు. చిన్నప్పుడు మా గుమ్మంలో ఆడుకున్న గుంటడే. గిన్నె వంక చూశాడు. చేతిలో ఫోను ఉంది. "వద్దులే అప్పా, ఏటీ అనుకోకు. ఇప్పుడు మేం హలాలువి తినట్లేదు" అన్నాడు.

పాలు, సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు. ఇందులో హలాలేమిటి, కానిదేమిటి? అతన్ని అడగలేదు. కొట్లాట పెట్టుకోలేదు. అతను చెడ్డవాడు కాదు. ఆ మాట అతనిది కూడా కాదు. బెంగళూరులోనో ఇంకెక్కడో ఎవరో అన్న మాట, ఫోనులో ఎక్కి ఘాటు దిగి మా వీధికొచ్చింది. గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చాను. నిండుగా వెళ్ళిన గిన్నె నిండుగానే తిరిగొచ్చింది. ఖాళీగా రాకూడదనే నియమం ఉంది గానీ, నిండుగా తిరిగొస్తే ఏం చేయాలో మా వీధి ఎవరికీ నేర్పలేదు.

అమ్మీ ఏమీ అనలేదు. గిన్నె తీసుకుని మూత పెట్టింది. కాసేపయ్యాక, "వాళ్ళమ్మ ఉంటే గిన్నె లోపల పెట్టీసి ఆడి నెత్తి మీద ఒక్కటిచ్చేది" అంది.

ఇదీ నేను మాట్లాడుతున్న సంగతి. బిర్యానీ గురించి కాదు. ఒక గిన్నె ఆగిపోవడం గురించి. అది ఆగిపోతే నష్టం మాకొక్కళ్ళకే అనుకుంటున్నారేమో! ఆవ ఎప్పుడు కలపాలో మాకు చెప్పేవాళ్ళు ఉండరు, సరే. మీ ఇంటి పండక్కి ఖర్జూరం రుచి చెప్పేవాళ్ళూ ఉండరు. కొండ ఆడమనిషి బుట్టలో కొమ్ములున్నా చేదు ఎలా తీయాలో అడిగేవాళ్ళు ఉండరు. ఎవరి పొయ్యి మీద వాళ్ళు, ఎవరి శుద్ధమైన ఉప్పు వాళ్ళు. పక్కింటి నుంచి ఏమీ రాని వంటింట్లో కొత్త రుచి పుట్టదు. టీవీలో ఎన్ని ప్రయోగాలు చూసినా పుట్టదు.

మేం మా దాల్చాలో బెల్లం తియ్యం. ఆ పక్కవాళ్ళు చెప్పినా తియ్యం, ఈ పక్కవాళ్ళు చెప్పినా తియ్యం. పనసలో ఆవ పెడతాం. సహరీకి అంబలి తాగుతాం. ఇది ఎవరో దయతో ఇచ్చిన సంస్కృతి కాదు, మా అమ్మీలు పావుకిలో మాంసంతో ఏడు కంచాలు నింపి సంపాదించుకున్నది. మమ్మల్ని గుర్తించాలనుకుంటే దీనితో గుర్తించండి. ఈసారి బిర్యానీ ఎప్పుడని అడగకండి. "ఇవాళ కూరేటి?" అని అడగండి. రోజూ అడగండి.

ఆ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. పోయిన రంజాన్‌కి కూడా అమ్మీ దాన్ని కడిగి, తుడిచి, గుమ్మం దగ్గర పెట్టింది.